కథకి ముందు నిలబడేవాడు

“నువ్వు సెప్పావు కదా బాబూ. అందుకే కొన్నాను.”

మావయ్య ఈ మాట కోపంగా అనలేదు. కొత్తవలస స్టేషన్లో ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద కూర్చుని ఉన్నాం. కిరండూల్ లైను మీంచి ఇనుప ఖనిజం గూడ్సు ఒకటి వస్తోంది. ఆ చప్పుడులో ఏం మాట్లాడినా వినపడదు కాబట్టి నాకు ఆలోచించుకోడానికి రెండు మూడు నిమిషాలు దొరికాయి. బండి దాటాక “నేనెప్పుడు చెప్పాను మావయ్యా?” అన్నాను. ఆయన కాసేపు చూసి, “అవున్లే, నువ్వు సెప్పలేదు. కతలే సెప్పావు” అన్నాడు. ఒప్పేసుకున్నాడు. అక్కడితో నా మనసు తేలికపడాలి. పడలేదు.

సంగతి ఇది. రెండేళ్ళ కిందట మేం ముగ్గురు స్నేహితులం యూట్యూబులో ఒక కథల ఛానెల్ మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం రాత్రి ఒక కథ. విజయనగరంలో నాటకాలు వేసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఐదారుగురు దాన్ని పావుగంట నాటకంగా ఆడతారు. కథకి ముందు రెండు నిమిషాలు, అయ్యాక ఒక నిమిషం నేను కనిపించి మాట్లాడతాను. ఆ పని నాకే ఎందుకు వచ్చిందంటే, నేను సినిమావాణ్ణి. నవ్వకండి. రెండు సినిమాల్లో హీరో పక్కన నిలబడ్డాను, ఒక వెబ్ సిరీస్‌లో నాలుగు ఎపిసోడ్ల దాకా బతికి ఉన్నాను. హైదరాబాదులో దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. కొత్తవలసలో మాత్రం టీ కొట్టతను నా దగ్గర డబ్బులు తీసుకోడు.

మొదటి ఏడాది సొంత డబ్బులే పెట్టుకున్నాం. తర్వాత ఒక రియల్ ఎస్టేట్ సంస్థ వచ్చింది. శృంగవరపుకోట రోడ్డులో వెంచర్ వేస్తున్నారు. పన్నెండు వారాల ఖర్చు వాళ్ళది, నటులకి ఎన్నడూ లేని పారితోషికం, నాకు వారానికి మూడు వేలు. షరతు ఒక్కటే. నా ముందుమాట వాళ్ళ మోడల్ హౌస్ వరండాలో కూర్చుని చెప్పాలి. ప్లాట్ల గురించి ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు. మాట్లాడలేదు కూడా. వెనకాల కొబ్బరి మొక్కలూ, కొత్త తారు రోడ్డూ, ఓ పక్కన కంపెనీ పేరూ కనిపించేవి. నేను తెల్ల లాల్చీ వేసుకుని పేము కుర్చీలో కూర్చునేవాణ్ణి. నాలుగో వారం నాటకం కుదరక, కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ గురించి నేనే మాట్లాడాను. అప్పు, భూమి, తీర్పు చుట్టూ తిరిగే కథ గురించి, గజం ఇంత అని రాసిన బోర్డుకి పదడుగుల దూరంలో కూర్చుని. ఆ రోజు అది నాకు తట్టనే లేదు.

మావయ్య నాకు చుట్టం కాదు. మా వీధిలో అందరికీ మావయ్యే. రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యాడు. కీమేన్ అంటే, తనకి అప్పజెప్పిన కొన్ని కిలోమీటర్ల పట్టా వెంట రోజూ నడుస్తూ, ఎక్కడెక్కడ వదులైందో చూసి సుత్తితో బిగించుకుంటూ పోయే మనిషి. పరాకుగా చూసే అలవాటే లేని మనిషి అన్నమాట. ఆయన మా కథలన్నీ విన్నాడు. రిటైర్మెంటు డబ్బులోంచి తీసి 150 గజాలకి ఆరు లక్షలు కట్టాడు. తీరా రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంది. ఎప్పుడో పేదలకిచ్చిన డి-పట్టా భూమి, 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కిందికి వచ్చే నేల.

ఆ రాత్రి నిద్ర పట్టక, నాలాంటి పని ఇంతకు ముందు ఎవరు చేశారా అని వెతకడం మొదలుపెట్టాను. తప్పు చేశాననుకున్నవాడు తోడు కోసం వెతుక్కుంటాడు కదా. నాకు దొరికిన తోడు అమెరికా అధ్యక్షుడు.

1953లో అమెరికాలో సి.బి.ఎస్. ఛానెల్ మీద ‘జనరల్ ఎలక్ట్రిక్ థియేటర్’ అనే కార్యక్రమం మొదలైంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, అరగంట. ప్రతి వారం కొత్త కథ, కొత్త పాత్రలు, కొత్త నటులు. అలాంటివి ఆ రోజుల్లో చాలా వచ్చేవి. కథ వారం వారం మారిపోతుంటే ప్రేక్షకుడు తిరిగి రావడానికి మారని ముఖం ఒకటి కావాలి. అందుకని సినిమా తారని తెచ్చి గుమ్మంలో నిలబెట్టేవారు. లొరెట్టా యంగ్ అయితే తన కార్యక్రమంలో నిజంగానే తలుపు తీసుకుని, గౌను తిప్పుకుంటూ గదిలోకి వచ్చేది. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1954 సెప్టెంబరులో రొనాల్డ్ రీగన్‌ని తెచ్చుకున్నారు. అప్పటికి ఆయనకి 43 ఏళ్ళు, చేతిలో సినిమాలు పెద్దగా లేవు. ఏడాదికి లక్షా పాతిక వేల డాలర్లు ఇచ్చారు. ఎనిమిదేళ్ళు చేశాడు.

ఆ ఎపిసోడ్లలో కొన్ని ముక్కలు ఇప్పటికీ దొరుకుతాయి. 1954 డిసెంబరులో వచ్చిన ‘ద డార్క్, డార్క్ అవర్స్’ చూడండి. జేమ్స్ డీన్ తుపాకీ పట్టుకున్న రౌడీ కుర్రాడు. గాయపడ్డ స్నేహితుడికి వైద్యం చెయ్యమని ఒక డాక్టరు ఇంట్లో జొరబడి బెదిరిస్తాడు. ఆ డాక్టరు రీగనే. అంటే కాసేపటి కిందట సొంత పేరుతో మనల్ని పలకరించిన మనిషే ఇప్పుడు తుపాకీ ముందు నిలబడ్డ డాక్టరు. డీన్ నటన చూస్తుంటే కుర్చీలో ముందుకి జరుగుతాం. రీగన్ నటన అలా ఏం ఉండదు. ఆయన గొప్ప నటుడు కాదని ఎవరైనా చెప్తారు. కానీ నటించనప్పుడు, ఊరికే నిలబడి మాట్లాడుతున్నప్పుడు, ఆయన్ని నమ్మకుండా ఉండటం కష్టం. పక్కింటి పెద్దమనిషి తలుపు తట్టి క్షేమసమాచారాలు అడిగినట్టుంటుంది. నాకు ఇక్కడే కాస్త భయం వేసింది. నా గురించి కామెంట్లలో జనం రాసేదీ అదే. నా నటన గురించి ఎవరూ రాయరు. “మనింట్లో మనిషిలా చెప్తారు అన్నా” అని రాస్తారు.

కంపెనీ ఊరుకోలేదు. పసిఫిక్ పాలిసేడ్స్‌లో రీగన్ కట్టుకున్న కొత్త ఇంటిని తమ కరెంటు సామాన్లతో నింపేసింది. ఆయన, భార్య నాన్సీ, చిన్నపిల్ల కలిసి ఆ ఇంట్లో వంటగదినీ, దీపాల్నీ చూపిస్తూ ప్రకటనల్లో కనిపించారు. సొంత ఇల్లు, సొంత భార్యాబిడ్డలు. అది పాత్రా, నిజమా? పాత్ర కాదు, నిజంగా వాళ్ళదే ఇల్లు. నిజం కూడా కాదు, ఎదురుగా కెమెరా ఉంది. నా మోడల్ హౌస్ వరండా కనీసం నాది కాదని అందరికీ తెలుసు అనుకున్నాను. తర్వాత తెలిసింది, మా వీధిలో నలుగురైదుగురు ఆ ఇల్లు నాదే అనుకున్నారట. “బాబు కూడా అక్కడే కట్టుకున్నాడు” అని మావయ్యతో ఎవరో అన్నారట.

ఒప్పందంలో రెండో సగం ఇంకా విచిత్రం. ఏడాదిలో కొన్ని వారాలు రీగన్ దేశమంతా తిరిగి కంపెనీ ఫ్యాక్టరీల్లో కార్మికులతో మాట్లాడాలి. విమానమంటే భయం కాబట్టి రైళ్ళలో తిరిగాడు. వందకి పైగా ఫ్యాక్టరీలు, దాదాపు రెండున్నర లక్షల మంది ఉద్యోగులు. మొదట్లో హాలీవుడ్ కబుర్లు చెప్పేవాడు. రాను రాను కబుర్లు తగ్గి, ప్రభుత్వం పెద్దదైపోతోంది, పన్నులు పెరిగిపోతున్నాయి అనే ఉపన్యాసం మిగిలింది. యూనియన్లని పక్కకి నెట్టి నేరుగా కార్మికుల మనసుల్లోకి వెళ్ళాలని కంపెనీలో లెమ్యుయెల్ బౌల్‌వేర్ అనే పెద్ద అధికారి పట్టుబట్టి పనిచేస్తున్న రోజులవి. నటుల యూనియన్‌కి అధ్యక్షుడిగా చేసిన రీగన్, యూనియన్లంటే పడని కంపెనీ ముఖమయ్యాడు. 1962లో కార్యక్రమం ఆగిపోయింది. అదే ఏడాది ఆయన డెమోక్రాట్‌గా ఉన్నవాడు రిపబ్లికన్ అయ్యాడు. 1964 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ ఉపన్యాసమే కాస్త సానబెట్టి టీవీలో దేశానికంతటికీ చెప్పాడు. 1966లో కాలిఫోర్నియా గవర్నరుగా గెలిచాడు, 1981లో అధ్యక్షుడయ్యాడు.

ఈ కథ వినగానే మనకి ఎన్టీఆర్ గుర్తొస్తారు. 1982లో పార్టీ, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి. సినిమా వాళ్ళని జనం గుడ్డిగా నమ్ముతారు, అక్కడా అంతే ఇక్కడా అంతే అని తేల్చెయ్యడం సులువు. కానీ ఈ రెండూ ఒకటి కావు. ఎన్టీఆర్‌ని జనం నమ్మడం వెనక కిరీటం ఉంది, రాముడూ కృష్ణుడూ ఉన్నారు. అది పాత్రలోంచి వచ్చిన నమ్మకం. పాత్ర వేసినవాడు రాముడు కాదని నమ్మినవాడికీ లోపలెక్కడో తెలుసు. రీగన్ మీద జనం నమ్మకం అలా ఒక పాత్రలోంచి వచ్చింది కాదు. ఆయన ఎనిమిదేళ్ళు ఆదివారం రాత్రి కథకి ముందు నిలబడి, మీకోసం మంచి కథ తెచ్చాను అన్నాడు. చాలాసార్లు అది నిజంగానే మంచి కథ. ఆ నమ్మకం కథల మీద పుట్టి, మనిషి మీదకి పాకి, ఆయన చేతిలో ఏది ఉంటే దాని మీదకి చేరుతుంది. నటుడు పాత్రలో అబద్ధమాడితే ఎవరూ మోసపోరు. కథని పరిచయం చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతను తనలాగే మాట్లాడతాడు.

ఇలాంటి మనిషి మనకి కొత్తా? కాదు. మా విజయనగరం వైపు కథ చెప్పడమంటే ముందుగా ఆదిభట్ల నారాయణదాసు గారి పేరే వస్తుంది. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టి, హరికథకి ఇప్పుడు మనకి తెలిసిన రూపం ఇచ్చినాయన. హరిదాసు కూడా సొంత ముఖంతోనే నిలబడి, మధ్యమధ్య పాత్రల్లోకి వెళ్ళివస్తాడు. ఆ కథకీ డబ్బు ఎవరో పెట్టాలి. కానీ చిన్నప్పుడు రామాలయం దగ్గర నేను చూసిన హరికథల్లో, కథ ఆపి చదివింపులు చదివేవారు. ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు యాభై. చదివింపులు అయ్యాక మళ్ళీ సీతమ్మ దగ్గరికి. ఎవరి డబ్బు ఎంతో, ఎక్కడ కథ ఆగిందో, ఎక్కడ మొదలైందో పిల్లలకి కూడా తెలిసేది. బుర్రకథలో ఇంకా స్పష్టం. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, ఇటూ అటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథలోంచి ఇవాళ్టి సంగతికి దూకాలంటే రాజకీయ వంత నోటితో దూకాలి. ప్రజానాట్యమండలి వాళ్ళు 1940ల్లో ఇలాగే ఊరూరా తిరిగి చెప్పారు, ప్రభుత్వం నిషేధించేదాకా. వాళ్ళు చెప్పిందీ ప్రచారమే. అయితే ఆ ప్రచారానికి వేరే నోరుంది, వేరే నిలబడే చోటుంది. రీగన్ దగ్గర మూడు నోళ్ళూ ఒకే నవ్వులో కలిసిపోయాయి. నా వరండాలో అయితే రెండో నోరు అసలు పెదవే విప్పలేదు. వెనకాల బోర్డయి నిలబడింది.

ఇంత దూరం వచ్చాక నా తరఫున నేనే వాదించుకున్నాను. డబ్బు పెట్టేవాడు లేకపోతే కథ ఎక్కడిది? జనరల్ ఎలక్ట్రిక్ డబ్బుతోనే జేమ్స్ డీన్ ఆ తుపాకీ పట్టుకున్నాడు. నల్లవాళ్ళకి టీవీలో బరువైన పాత్రలు అరుదుగా దొరికే 1958లో శామీ డేవిస్ జూనియర్ ఆ కార్యక్రమంలోనే ఒక సైనికుడి పాత్ర వేశాడు. ఆ కథ కర్ట్ వానెగట్‌ది. ఆయన అంతకు ముందు అదే కంపెనీ ప్రచార విభాగంలో ఉద్యోగం చేసి, విసుగెత్తి మానేసినవాడు. తను వదిలేసి వచ్చిన కంపెనీ డబ్బుతోనే ఆయన కథ దేశమంతా చూసింది. మా దగ్గరా అంతే. మా బృందంలో ఒకమ్మాయి ఆ పన్నెండు వారాల డబ్బుతో పరీక్ష ఫీజు కట్టుకుంది. ఆమె నటించిన పన్నెండు పాత్రల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఈ వాదన తప్పని నేనిప్పటికీ అనను. కాకపోతే అది కథ ఎందుకు చెప్పాలో చెబుతుంది, నేను ఆ వరండాలో ఎందుకు కూర్చోవాలో చెప్పదు.

ఇంకో వాదన: రీగన్ మనస్ఫూర్తిగా నమ్మే చెప్పాడు కదా? కావచ్చు. ఆయన ఆత్మకథలో ఒక సంగతి ఉంది. ఉపన్యాసంలో టెనెసీ లోయ విద్యుత్ సంస్థని, అంటే ప్రభుత్వ సంస్థని, దుబారాకి ఉదాహరణగా విమర్శించేవాడు. ఆ సంస్థ జనరల్ ఎలక్ట్రిక్‌కి పెద్ద ఖాతాదారు. గొడవ వస్తుందేమోనని రీగన్ తనే కంపెనీ అధిపతి రాల్ఫ్ కార్డినర్‌కి ఫోన్ చేశాడు. మేం నీ మాటలకి అడ్డు చెప్పం అన్నాడాయన. పోనీ ఆ ఒక్క ఉదాహరణ తీసేస్తే మీకు సులువవుతుందా అని రీగన్ అడిగాడు. అవుతుందన్నాడు. తీసేశాడు. ఇందులో ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ పెద్దమనుషులే. నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు, ఎందుకంటే నేనూ ఇలాంటి పెద్దమనిషినే. పదో వారం నేను ఎన్నుకున్న కథలో భూమి బ్రోకరు ఒకడున్నాడు. సంస్థ వాళ్ళు ఏమీ అనకముందే నేనే వేరే కథ పెట్టాను. కథ కొంచెం పొడుగైందని మావాళ్ళకి చెప్పాను.

ప్రోనోటు మీద రెండు రకాల సంతకాలుంటాయని మా ఊళ్ళో అందరికీ తెలుసు. సాక్షి సంతకం పెట్టినవాడు, వీళ్ళిద్దరూ నా ఎదుట రాసుకున్నారు అని మాత్రమే చెబుతాడు. అప్పు ఎగ్గొడితే అతని మీదకి ఎవరూ రాకూడదు. జామీను ఉన్నవాడు మాత్రం కట్టాలి. చట్టానికి ఈ తేడా చాలా స్పష్టం. ఊరికి కాదు. ఎందుకంటే అప్పిచ్చేవాడు కాగితం తిప్పి ముందు చూసేది సాక్షి ఎవరా అనే. “ఆయన సాక్షి ఉన్నాడంటే పర్లేదు” అంటాడు. సాక్షికి కూడా ఆ సంగతి తెలుసు. తెలిసే మీసం సర్దుకుని సంతకం పెడతాడు. రేపు తేడా వస్తే, నేను సాక్షినే కదా అంటాడు.

కథకి ముందు నిలబడేవాడు సాక్షి రేటుకి ఒప్పుకుని జామీను పని చేస్తాడు. సంస్థ నాకు వారానికి మూడు వేలు ఎందుకిచ్చింది? నా సాహిత్య పరిజ్ఞానం చూసి కాదు. నేను ఏమీ చెప్పకపోయినా మావయ్య లాంటివాళ్ళు చెప్పినట్టు వింటారు కాబట్టి. ఆ సంగతి వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. తెలిసి డబ్బు తీసుకున్నాను కాబట్టి, నేను కథలే చెప్పాను అనే మాట నా నోట్లో నిలవదు. మావయ్య అనొచ్చు ఆ మాట. నేను అనకూడదు. ‘యజ్ఞం’లో ఊరంతా నమ్మిన శ్రీరాములు నాయుడు ఉన్నాడు. ఆయన ఏ అబద్ధమూ ఆడడు. ఆయన మంచితనమే ఆ తీర్పుకి బలం. ఆ వరండాలో కూర్చుని ఈ సంగతే పెద్ద గొప్పగా విడమరిచి చెప్పాను నేను. వీడియోలో ఐదో నిమిషం దగ్గర ఉంటుంది.

ఇంతా చేసి చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాడికి మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ముందుగా తగినంత విచారించుకుని ఉంటే మినహాయింపు ఉంది. నాది ప్రకటన కిందికి వస్తుందా రాదా అని లాయరు స్నేహితుణ్ణి అడిగితే, వాదించుకోవచ్చు అన్నాడు. నాకు గుచ్చుకున్నది ఆ రెండో వాక్యం, విచారించుకోవడం. మావయ్య చెప్పిన రోజు రాత్రి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత జాబితా తెరిచి, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని, సర్వే నంబరు వెతికితే పది నిమిషాల్లో దొరికింది. బ్రోషరు మీద రెరా నంబరు ఉందా అని చూస్తే లేదు. ఆ బ్రోషరు పన్నెండు వారాలూ నా పక్క టీపాయ్ మీదే ఉంది. ముప్పై ఏళ్ళు ప్రతి కీ తట్టి చూసుకున్న మనిషి నా దగ్గరికొచ్చేసరికి తట్టి చూడలేదు. నేను చూసే ఉంటానని అనుకున్నాడు.

ఆ పన్నెండు వీడియోలూ తీసేశాం. ఇది కూడా సుఖంగా జరగలేదు. పరీక్ష ఫీజు కట్టుకున్న అమ్మాయి, “మా పని కూడా పోయినట్టే కదా అన్నా” అంది. జవాబు చెప్పలేదు. నాకొచ్చిన 36 వేలూ మావయ్యకిద్దామని తీసుకెళ్తే ఆయన కవరు విప్పకుండానే వెనక్కి తోశాడు. “ఇది నీ కూలి బాబూ, నాకెందుకు?” అన్నాడు. ఆయనకి కావలసింది ఆరు లక్షలు, లేదా రిజిస్ట్రేషను అయ్యే నేల. వెంచర్ ఆఫీసుకి కలిసి వెళ్ళాం. అక్కడి కుర్రాడు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, మావయ్యని నిలబెట్టే ఉంచాడు. నేను లేచి నిలబడితే తప్ప రెండో కుర్చీ రాలేదు. డబ్బు వెనక్కివ్వడం కుదరదట, ఇంకో చోట ప్లాటు ఇస్తారట. మావయ్య వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు చూసి, “ఏటి సేద్దాం?” అన్నాడు. సర్వే నంబరు రాసివ్వమన్నాను. ఇప్పటిదాకా ఇవ్వలేదు.

సోమవారం తహసీల్దారు ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్తున్నాం. నిన్న సాయంత్రం మావయ్య ఇంటికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. “ఆ కతలు సెప్పేటప్పుడు ఏసుకుంటావు సూడు తెల్ల లాల్చీ, అది ఏసుకురా బాబూ. నిన్ను గుర్తుపడితే పని బేగి అవుద్ది.”

లాల్చీ ఉతికి ఆరేశాను. వేసుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.